నేను రాసింది ‘రివెంజ్’, నా మనసులో ఉన్నది కసి

ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, వివరాలు బయటపెట్టవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆవిడకు 33 ఏళ్ళు. వేర్వేరు దేశాలవాళ్ళు కలిసి పనిచేసే ఒక టీమ్‌లో తొమ్మిదేళ్ళుగా ఉన్నారు. అక్కడ మాటలూ రాతలూ అన్నీ ఇంగ్లిష్‌లోనే. ఏడు నెలలు కష్టపడి ఖర్చుల అంచనా వేసే ఒక పద్ధతిని తయారుచేశారు. కొత్తగా చేరిన ఒక సహోద్యోగిని పక్కన కూర్చోబెట్టుకుని దాన్ని నేర్పించారు. మూడు నెలలకోసారి జరిగే రివ్యూలో అతను దాన్ని తన పనిగా చూపించాడు. పై అధికారి అందరి ముందూ అతన్ని మెచ్చుకున్నారు. ఈవిడకు నోట మాట రాలేదు.

ఆ సాయంత్రం టీమ్ చాట్‌లో వేరే దేశపు సహోద్యోగి ఒకావిడ “ఇవాళ నీకు మాట్లాడే అవకాశమే రాలేదు, బాధపడకు” అని రాశారు. దానికి ఈవిడ నవ్వు బొమ్మ ఒకటి పెట్టి “ఐ విల్ టేక్ మై రివెంజ్ ఇన్ ద నెక్స్ట్ రివ్యూ” అని జవాబిచ్చారు. తర్వాతి రివ్యూలో అతన్ని నాలుగు ప్రశ్నలు అడిగారు. మూడోదాని దగ్గర అతను తడబడి ఆగిపోయాడు. వారం తిరక్కుండానే హెచ్‌ఆర్‌కి ఫిర్యాదు వెళ్ళింది. తనను అవమానించాలని ముందే ప్లాన్ వేశారనీ, ఈవిడ ‘విండిక్టివ్’ (పగబట్టి సాధించే) మనిషనీ అతను రాశాడు. సాక్ష్యంగా చాట్‌లోని ఆ ఒక్క వాక్యాన్ని ఫొటో తీసి జతచేశాడు. పది రోజుల్లో రాతపూర్వకంగా వివరణ ఇవ్వమని ఈవిడకు మెయిల్ వచ్చింది.

ఉత్తరంలో ఆవిడ మాటలు కొన్ని: “ఆటలో ఓడిపోయినా రివెంజ్ తీర్చుకుంటా అంటాం కదండీ. నేనూ ఆ అర్థంలోనే రాశాను. అది అంత పెద్ద మాటా? మూడో ప్రశ్నకు అతని దగ్గర జవాబు ఉండదని నాకు తెలుసు, ఆ లెక్క నాది కాబట్టి. అతను తడబడుతుంటే హాయిగా అనిపించింది. ఆ రాత్రి మాత్రం నిద్రపట్టలేదు. నా ఇంగ్లిష్ బాగోలేదని రాసెయ్యమంటుంది మా అక్క. క్షమాపణ చెప్పి వదిలెయ్యమంటారు మా ఆయన. అతని పాత తప్పులన్నీ తవ్వి ఎదురు ఫిర్యాదు పెట్టమంటుంది నా స్నేహితురాలు. ఇప్పుడు నాకు నిజంగానే పగ తీర్చుకోవాలనిపిస్తోంది. ఏం చేయను?”

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు మీకు జరిగిన అన్యాయమే కనిపించింది. రెండోసారి చదివినప్పుడు, మీరు ఒకే ముడిగా చెప్పినవి నిజానికి మూడు వేర్వేరు విషయాలని అర్థమైంది. మీరు వాడిన మాట ఒకటి, మీరు అడిగిన మూడో ప్రశ్న ఇంకొకటి, మీ చేతుల్లోంచి జారిపోయిన ఏడు నెలల పని మరొకటి. హెచ్‌ఆర్ మిమ్మల్ని అడుగుతున్నది మొదటి రెండింటి గురించే. మిమ్మల్ని కోస్తున్నది మూడోది. దాని గురించి ఇంతవరకూ మిమ్మల్ని ఎవరూ అడగలేదు.

ముందు మాట సంగతి చూద్దాం. మీ మొదటి ప్రశ్న అదే. దానికి సూటిగా జవాబు ఉంది కూడా.

ఈ విషయంలో తెలుగులో మనకు చాలా మాటలున్నాయి. పగ మనసులో ఉండేది. పగబడతారు, పగ పెంచుకుంటారు, ఏళ్ళ తరబడి ఏమీ చేయకుండా పగతో బతికేవాళ్ళూ ఉంటారు. ప్రతీకారం చేతల్లో ఉండేది. కక్ష అనేది రోజువారీ చిన్న చిన్న పనుల్లో సాధించేది, సాధారణంగా కాస్త అధికారం చేతిలో ఉన్నవాళ్ళు సాధించేది. ఇక కసి ఉంది చూశారూ, అది రెండు దారుల్లో నడిచే మాట. ‘కసి తీరా కొట్టాడు’ అంటే అవతల దెబ్బలు తిన్న మనిషి ఒకడున్నాడు. ‘ఒకసారి తప్పాక కసిగా చదివి పాసైంది’ అంటే అవతల ఎవరూ లేరు. ఆ పిల్లా, ఆ పుస్తకమూ, అంతే.

ఇవన్నీ నోటి దాకా వచ్చేసరికి మనం ‘రివెంజ్’ అనే ఒక్క మాటలో పోసేస్తున్నాం. ఆ రోజు చాట్‌లో రాస్తున్నప్పుడు మీ మనసులో ఉన్నది రెండో రకం కసి అని నేను నమ్ముతున్నాను. ‘వచ్చేసారి చూడు, నా పని నేనే చూపిస్తాను’ అన్న కసి. అయితే ఇంగ్లిష్ రివెంజ్‌లో ఆ రెండో దారి సహజంగా లేదు. తనకు జరిగినదానికి బదులుగా, చేసిన మనిషికి కావాలని హాని చేయడం, లేదా చేయాలన్న కోరిక అని దాని అర్థం. ఆ మాట వాక్యంలో ఎలా కూర్చుంటుందో చూడండి. ‘టేక్ రివెంజ్ ఆన్’ అన్నాక ఒక మనిషి రావాలి, ‘ఫర్’ అన్నాక అతను చేసిన తప్పు రావాలి. ఎవరి మీద, దేనికి అనే రెండు ఖాళీలు ఎప్పుడూ ఉంటాయి. మీరు ఆ రెండింటినీ నింపలేదు. చదివినవాళ్ళు నింపుకున్నారు. పైగా మీరు ‘మై’ అని కూడా చేర్చారు, దాంతో ఎవరో మీకు ఏదో బాకీ ఉన్నట్టు వినిపిస్తుంది.

“ఆటల వార్తల్లో రోజూ రాస్తారుగా” అంటారేమో. నిజమే, రాస్తారు. పోయినసారి ఓడినవాళ్ళు ఈసారి గెలిస్తే రివెంజ్ అని ఇంగ్లిష్ పత్రికలు కూడా రాస్తాయి. అక్కడ అది చెల్లుతుంది, ఎందుకంటే గెలవడం అనే పని ఇద్దరూ ఒప్పుకుని మైదానంలోకి దిగి చేస్తున్నది. ఎవరికీ దొంగదెబ్బ తగలడం లేదు. మెత్తని వాడకాలు ఇంకా ఉన్నాయి. 1994 జూన్‌లో, అప్పటి బ్రిటన్ యువరాజు చార్లెస్ తన వివాహేతర సంబంధాన్ని టీవీలో ఒప్పుకున్న రాత్రే ఆయన భార్య డయానా లండన్‌లో ఒక వేడుకకు నల్ల గౌను వేసుకుని వెళ్ళారు. దాన్ని ఇప్పటికీ ‘రివెంజ్ డ్రెస్’ అంటారు. ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు, తల ఎత్తుకుని నడిచారు, అంతే. పగలంతా పనికే సరిపోయి, తనకంటూ ఒక గంట మిగలని మనిషి రాత్రి నిద్ర మానుకుని ఫోన్ చూస్తూ కూర్చోవడానికి కూడా రివెంజ్ అనే మాటతో ఒక పేరుంది. చైనీస్ నుంచి వచ్చి 2020లో ఇంగ్లిష్‌లో బాగా పాకింది. ఇక్కడ పగ ఎవరి మీద? గడిచిపోయిన పగటి మీద.

అందుకే మీరు ఆ మాటను తేలికగా వాడటంలో వింతేమీ లేదు. చాట్‌లో మిమ్మల్ని ఓదార్చిన ఆవిడ కూడా చదివి నవ్వి ఊరుకుని ఉంటారు. కానీ మీ విషయంలో ఆ మాట తర్వాత ఒక రివ్యూ జరిగింది, ఆ రివ్యూలో ఒక మనిషి అందరి ముందూ తడబడ్డాడు. దాంతో తేలికగా రాసిన మాట వెనక్కి తిరిగి బరువెక్కింది. ఆ ఖాళీలు రెండూ నిండిపోయాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఉత్తరంతో పాటు మీరు పంపిన వివరణ చిత్తుప్రతిలో ఒక వాక్యం చూసి భయపడ్డాను. “ఐ డిడ్ నాట్ వాంట్ టు అవెంజ్ హిమ్” అని రాశారు. దయచేసి అలా పంపకండి. అవెంజ్ తర్వాత వచ్చే మనిషి దెబ్బ తిన్నవాడు, దెబ్బ కొట్టినవాడు కాదు. తండ్రిని చంపినవాళ్ళ మీద కొడుకు తీర్చుకునేదాన్ని చెప్పేటప్పుడు, తండ్రి మాటే అవెంజ్ పక్కన వస్తుంది. మీరు రాసిన వాక్యానికి ‘అతని తరఫున పగ తీర్చుకోవాలని నాకు లేదు’ అనే అర్థం వస్తుంది. ‘ఐ రివెంజ్‌డ్ హిమ్’ అని కూడా మనవాళ్ళు తరచుగా రాస్తుంటారు, అదీ అంతే. రివెంజ్‌ను క్రియగా వాడటం ఇప్పటి ఇంగ్లిష్‌లో అరుదు. ‘టేక్’ అనో ‘గెట్’ అనో ముందుపెట్టి నామవాచకంగానే వాడతారు. రెండో పేరాలో ‘విత్ ఎ వెంజెన్స్’ అనే మాట కూడా తీసేయండి. వెంజెన్స్ అంటే పగే అయినా, ఆ మూడు మాటలూ కలిసినప్పుడు పగ అనే అర్థం రాదు. వాన దంచికొట్టినప్పుడు, మానేసిన అలవాటు రెట్టింపుగా తిరిగొచ్చినప్పుడు అలా అంటారు. కానీ మీ వివరణను అనుమానంగా చదివే మనిషికి అందులో వెంజెన్స్ అనే ఒక్క ముక్కే కనిపిస్తుంది.

అతను మీ మీద వేసిన ‘విండిక్టివ్’ అనే మాట మాత్రం చాలా బరువైనది. ఒకసారి కోపంలో బదులిచ్చినవాళ్ళను అలా అనరు. మనసులో పెట్టుకుని, వెంటాడి సాధించే స్వభావం ఉన్నవాళ్ళను అంటారు. ఒక్క చాట్ వాక్యంతో, ఒక్క రివ్యూతో ఒక మనిషి స్వభావాన్ని తేల్చేయలేరు. ఆ మాటను మీరు ఒప్పుకోవాల్సిన పనిలేదు.

ఈ మాటల పుట్టుక గురించి ఒక సంగతి చెప్పాలనిపిస్తోంది, అది నేరుగా మీకు తగులుతుంది కాబట్టి. రివెంజ్, అవెంజ్, వెంజెన్స్, విండిక్టివ్ అన్నీ లాటిన్‌లో ‘విండికారే’ అనే ఒకే వేరు నుంచి వచ్చినవి. ఆ క్రియకు శిక్షించడం, బదులు తీర్చుకోవడం అనే అర్థాలున్నాయి. ‘ఇది నాది’ అని హక్కుగా అడగడం అనే అర్థం కూడా ఉంది. అదే వేరు నుంచి ఇంగ్లిష్‌లోకి ‘విండికేట్’ అనే మరో మాట వచ్చింది. అందరూ అనుమానించిన మనిషి చెప్పిందే నిజమని చివరికి తేలితే, అతను విండికేట్ అయ్యాడంటారు. మీ నాలుగు పేజీల్లో పదే పదే కనిపించే కోరిక ఇదే. ఆ పద్ధతి మీదేనని పదిమందికీ తెలియాలి. అతను బాధపడాలన్న కోరిక ఉత్తరంలో రెండే రెండు చోట్ల ఉంది, అదీ చివర్లో, అలసిపోయి రాసిన పేరాల్లో.

మూడో ప్రశ్న దగ్గరికి వద్దాం. ఇది చెప్పడం కష్టమే, అయినా చెప్పకపోతే మీ నమ్మకానికి ద్రోహం చేసినట్టవుతుంది. మొదటి రెండు ప్రశ్నలూ, నాలుగోదీ పని కోసం అడిగినవి. వాటికి జవాబు దొరికితే టీమ్‌కి లాభం. మూడోది అలా కాదు. జవాబు మీకు తెలుసు, అతనికి తెలియదని కూడా తెలుసు, అయినా అందరి ముందూ అడిగారు. ‘అతను తడబడుతుంటే హాయిగా అనిపించింది’ అని మీరే రాశారు. ఆ నాలుగైదు నిమిషాల పాటు కసి దారి మారి, ఎదుటి మనిషి మీదికి వెళ్ళింది. అప్పుడు మాత్రం మీరు చాట్‌లో రాసిన ఇంగ్లిష్ మాటకు దాని అసలు అర్థమే వచ్చింది.

ఇందులో మీరు సిగ్గుతో కుంగిపోవాల్సిందేమీ లేదు. 2004లో జ్యూరిక్ పరిశోధకులు, డబ్బు ఆటలో తమను మోసం చేసినవాళ్ళను శిక్షిస్తున్నవాళ్ళ మెదళ్ళను స్కాన్ చేసి చూశారు. మనకు ఏదైనా బహుమతి అందినప్పుడు చురుకయ్యే భాగమే అప్పుడూ చురుకైంది. మీకు కలిగిన హాయి అలాంటిదే. ఆ రాత్రి నిద్రపట్టకపోవడం సంగతీ కొత్తది కాదు. 2008లో ముగ్గురు అమెరికన్ మనస్తత్వవేత్తలు ఇలాంటి ఆటతోనే మరో పరిశీలన చేశారు. మోసగాడిని శిక్షించే అవకాశం కొందరికి ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. శిక్షిస్తే మనసు తేలికపడుతుందని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే శిక్షించినవాళ్ళ మనసే ఎక్కువ చెడింది. వాళ్ళు ఆ మోసగాడి గురించి ఆలోచిస్తూనే ఉండిపోయారు. అవకాశం రానివాళ్ళు వేరే ధ్యాసలో పడ్డారు. మీరు మొదటి రివ్యూ అయిన రాత్రి పడుకోగలిగారు, రెండో రివ్యూ అయిన రాత్రి పడుకోలేకపోయారు. ఇప్పుడు కలుగుతున్న ‘నిజంగానే తీర్చుకోవాలి’ అనే కోరికను ఆ రాత్రి పక్కన పెట్టి చూడండి.

మీకు వచ్చిన సలహాలన్నీ మీ మీద ప్రేమతో ఇచ్చినవే. ఒక్కోదాని వెనక ఏం వస్తుందో చెబుతాను.

‘ఇంగ్లిష్ రాదు’ అనడం తేలిక. కానీ తొమ్మిదేళ్ళుగా అదే భాషలో రిపోర్టులు రాస్తున్న మనిషి అలా అంటే ఎవరు నమ్ముతారు? నమ్మితే మరీ కష్టం. రేపు పెద్ద బాధ్యత ఏదైనా వచ్చినప్పుడు ‘ఆవిడకు భాష సమస్య ఉంది కదా’ అన్న మాట మీ ఫైల్‌లో మీరే రాసి పెట్టినట్టవుతుంది. ఆ మాట అర్థం తెలియకపోవడం ఒకటి, దాని బరువు అందాజు వేయలేకపోవడం ఒకటి. మీది రెండోది. ఇంగ్లిష్‌లోనే పుట్టి పెరిగినవాళ్ళు కూడా అలా పొరపడతారు.

మీ ఆయన చెప్పినట్టు అంతటికీ క్షమాపణ చెప్పేస్తే గొడవ త్వరగా ముగుస్తుంది. ఉద్యోగం పోతుందన్న భయం నిజంగా ఉంటే, ఇంట్లో పరిస్థితి దానిమీదే ఆధారపడి ఉంటే, ఆ దారిని తక్కువ చేసి చూడను. అయితే అందులో ‘ముందే ప్లాన్ వేశాను’ అని ఒప్పుకున్నట్టు ఉంటుంది. ఆ ఏడు నెలల పని ఎవరిదో అడిగే దారి కూడా దాంతో దాదాపుగా మూసుకుపోతుంది. ఆ ఒప్పుకోలుతో ఏళ్ళ తరబడి అదే గదిలో కూర్చోగలరా అన్నది మీరే ఆలోచించుకోవాలి.

మీ స్నేహితురాలి సలహాకే నేను ఎక్కువ భయపడుతున్నాను. ఇక్కడ మీరు తెలుసుకోవాల్సిన మాట ఇంకొకటుంది, ‘రిటాలియేషన్’. ఫిర్యాదు చేసిన మనిషికి, ఆ ఫిర్యాదు చేసినందుకే హాని చేయడాన్ని ఆఫీసుల్లో అలా అంటారు. చాలా సంస్థల నియమాల్లో అది విడిగా ఒక తప్పు. అసలు ఫిర్యాదులో పస లేదని తేలినా ఈ తప్పు మాత్రం నిలబడుతుంది. అతని పాత పొరపాట్లు తవ్వి ఇప్పుడు బయటపెడితే మీ కేసు ఒక చాట్ వాక్యం నుంచి దీనిలోకి జారిపోతుంది. మీ పనిని అతను తనదిగా చెప్పుకోవడం గురించి ఫిర్యాదు చేసే హక్కు మీకు పూర్తిగా ఉంది. కానీ అది ఈ వివరణ కాగితంలోనే, అతని ఫిర్యాదుకు బదులు అన్నట్టు వస్తే, చదివేవాళ్ళు మొదట తేదీ చూస్తారు. ‘ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు’ అంటారు.

నేనైతే రెండు కాగితాలుగా విడదీస్తాను. మొదటిది వివరణ, చిన్నది. అందులో మాటకు మీరే బాధ్యత తీసుకోండి. తెలుగులో చెబితే దాదాపు ఇలా ఉంటుంది: “ఆ రోజు నేను వాడిన మాట సరైనది కాదు. వచ్చే రివ్యూలో నా పనిని నేనే బాగా చూపిస్తానన్న ఉద్దేశంతో రాశాను. చదివినవారికి అది ఒక వ్యక్తిని ఉద్దేశించినట్టు అనిపించడాన్ని అర్థం చేసుకోగలను, అందుకు చింతిస్తున్నాను. రివ్యూలో నేను అడిగిన ప్రశ్నలు ఆ పద్ధతికి సంబంధించినవి. ఒకదాన్ని విడిగా అడిగి ఉంటే బాగుండేది.” ఈ చివరి వాక్యం రాయాలా వద్దా అన్నది మీ ఇష్టం. రాస్తే అతని వాదనకు కొంత బలం వస్తుంది, మీ మాట మీద నమ్మకమూ పెరుగుతుంది. రాయకపోతే ఇప్పటికి మీకు ఇబ్బంది తగ్గుతుంది, కానీ మీటింగ్‌లో ఎవరైనా సూటిగా అడిగితే అబద్ధం చెప్పాల్సిన స్థితిలో పడకండి.

రెండో కాగితం మీ పై అధికారికి, కాస్త ఆగి, ఈ విచారణ ముగిశాక. అందులో అతని గురించి వీలైనంత తక్కువ ఉండాలి, పని గురించి ఎక్కువ ఉండాలి. మీ పాత ఫైళ్ళు, వాటి మీది తేదీలు, అతనికి నేర్పిస్తున్నప్పుడు పంపిన నోట్స్ ఇప్పుడే ఒక చోట చేర్చి పెట్టుకోండి. సమాధానం మీకు నచ్చినట్టు రాకపోవచ్చు, పేరు సరిచేయకుండా ‘టీమ్ పని’ అని దాటేయవచ్చు. అప్పుడు అక్కడే ఉండాలా, వేరే టీమ్‌కి మారాలా అన్నది ఈ కోపం తగ్గాక చూసుకోవాల్సిన విషయం.

విచారణ జరుగుతుండగా అతనికి మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేయకండి. మంచి మాట చెప్పడానికైనా సరే, ఇప్పుడు వద్దు.

ఉత్తరం చివర, మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాశారు: “ఆ చాట్ మెసేజ్ డిలీట్ చేసేయనా?” వద్దు. అతని ఫొటోలో మీ వాక్యం ఒక్కటే ఉంది. దాని పైన ఉన్న “ఇవాళ నీకు మాట్లాడే అవకాశమే రాలేదు” అన్న వాక్యం లేదు. మీరు తీర్చుకుంటానన్నది ఏ లోటో ఆ వాక్యమే చెబుతుంది. రెండు మెసేజ్‌లూ కలిపి, తేదీ, సమయం కనిపించేలా ఫొటో తీసి మీ వివరణకు జతచేయండి. ఆ సాయంత్రం మిమ్మల్ని ఓదార్చిన ఆవిడకు కూడా విషయం చెప్పి, ఆ మాటను తాను ఎలా అర్థం చేసుకున్నారో హెచ్‌ఆర్ అడిగితే చెప్పగలరా అని అడగండి.